శివరాజ్ మిస్డ్ కాల్ మోటారు

మా పక్కింటి శివరాజ్ ఫోన్‌లో మాట్లాడడు, మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒకటిస్తే బయల్దేరానని, రెండిస్తే కాఫీ పెట్టమని. పెళ్లిచూపులయ్యాక పిల్ల నచ్చిందన్న కబురు కూడా మామగారికి మిస్డ్ కాల్‌గానే వెళ్లిందని అతని భార్య మంజుశ్రీ ఒట్టేసి చెబుతుంది.

"మాట్లాడితే నోరు అరిగిపోతాదా అప్పా?" అని అడిగాను.

"విషయం తెలిసిపోయినాక మాటెందుకు సార్?" అన్నాడు.

దూరంగా ఉన్న మోటార్లకు మోడెమ్ బిగించడం అతని పని. అదొక సిమ్ వేసిన డబ్బా. స్టార్టర్‌కి కలిపితే ఇంట్లో కూర్చునే మోటారు వేయొచ్చు. మా కేజీఎఫ్ క్వార్టర్స్‌కి నీళ్లిచ్చే బోరు, బంగారు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బకు అవతల ఉంది. ఒకప్పుడు గనిలో దిగిన మునియప్ప రోజూ అంతదూరం నడిచి మోటారు వేసేవాడు. ఈ మధ్య మోకాళ్లు మొరాయించాయి.

"యాప్ పెట్టించి, స్మార్ట్‌ఫోన్ తెలిసినోడికి పని అప్పజెప్పుదాం," అన్నాడు మా సంఘం ప్రెసిడెంటు రఘునందన్. మునియప్ప దగ్గరున్నది బటన్ ఫోను.

శివరాజ్ యాప్ జోలికే పోలేదు. ఒక మిస్డ్ కాల్‌కి మోటారు తిరగాలి, ఇంకొకదానికి ఆగాలి, అలా అమర్చాడు. పరీక్ష కోసం తన పాత సిమ్మే వేశాడు. మధ్యాహ్నం మంజుశ్రీ అన్నం వడ్డించి, తినడానికి రమ్మని అలవాటుగా ఆ పాత నంబరుకే ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చింది. అన్నం చల్లారింది, ట్యాంకు పొంగింది, వీధి ఏరైంది.

రఘునందన్ పంచె ఎత్తిపట్టుకుని వచ్చాడు. "నీ పిసినారితనం వీధిలో పారతా ఉండాది చూడు. రేపటికి సరిచెయ్, లేదంటే డబ్బా పీకేయ్."

శివరాజ్ కొత్త సిమ్ వేసి, లాప్‌టాప్ ముందేసుకుని, ఒకే ఒక్క నంబరుకి మోటారు పలికేలా మార్చాడు.

"ఎవురి నంబరప్పా?" అన్నాను.

"మునియప్ప తాతది సార్. యాప్ పెడితే ఇంగ ఆయన్ని పని మాన్పిస్తారు. పొద్దున్నే లేచేదానికి ఆయనకి ఇంకేముండాది?"

రఘునందన్‌కి మాత్రం, "బలే భద్రం సార్, వేరే ఎవురు చేసినా తిరగదు," అని చెప్పాడు.

"మరి మోటారు వేయాలంటే?"

"తాతనే అడగాల."

మర్నాడు మునియప్ప అరుగు మీద కాళ్లు చాపుకుని శివరాజ్ ఇచ్చిన నంబరు నొక్కాడు. రింగై, కట్టయింది. కాసేపటికి కొళాయి బుస్సుమంది.

"ఎవురో గానీ మర్యాదస్తుడు సార్," అన్నాడు నాతో. "ఫోనెత్తడు, పని చేసేస్తాడు. ఒకపూట అన్నానికి పిలవాల."