వణికే చేతికి దొరికిన కంకి నల్లి

కోవూరు చుట్టుపక్కల పెళ్ళి చేసుకున్న వాళ్ళలో చాలామందికి క్రీస్తురాజు ముఖం గుర్తుండదు. కెమెరా వెనకాల నిలబడే మనిషి ముఖం ఎవరికి గుర్తుంటుంది చెప్పండి! కానీ వాళ్ళ ఆల్బములు తెరిచి చూడండి. తలంబ్రాలు గాల్లోనే ఆగి ఉంటాయి, ఒక్క గింజ కూడా అలికినట్టు ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ళ పాటు గుళ్ళో పెళ్ళయినా, చర్చిలో పెళ్ళయినా ముందు క్రీస్తురాజు ఖాళీ ఎప్పుడో కనుక్కుని తర్వాత మిగతా పనులు చూసుకునేవాళ్ళు. నేను కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానని మీకనిపిస్తే ఆయన భార్య ఎలిశబెతును అడగండి. ఆవిడ ఇంకా ఎక్కువ చేసి చెబుతుంది.

అలాంటి మనిషికి యాభై మూడో ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది. ప్రాణానికి భయమేం లేదు, కొందరికి ఇలా వస్తుంది, మాత్ర వేసుకుంటే కొంత తగ్గుతుంది అన్నాడు నెల్లూరు డాక్టరు. కొంత తగ్గింది కూడా. ఫోటోకి కొంత సరిపోదు కదా! బుచ్చిరెడ్డిపాలెంలో ఒక పెళ్ళికి తాళి కట్టేటప్పుడు పదకొండు ఫోటోలు తీస్తే పదకొండూ అలికిపోయాయి. పెళ్ళికూతురి తండ్రి మంచివాడు, ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి క్రీస్తురాజుకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

స్టూడియో ముందుగదిలో ఎలిశబెతు జిరాక్స్ మిషన్ పెట్టుకుంది. ఆయన వెనకగదిలో కూర్చుని, ఎవరైనా లోపలికొస్తే కుడిచేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు. ఎందుకు మానేశావని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఊరు ఊరుకుంటుందా? తాగుడు మరిగాడని పుకారు పుట్టించింది. చుక్క ముట్టని మనిషి, ఆ మాట చెవిన పడ్డా కాదని అనలేదు. చెయ్యి పోయిన ఫోటోగ్రాఫరు అనిపించుకోవడం కన్నా తాగుబోతు అనిపించుకోవడమే నయమని అనుకున్నాడు పిచ్చి మారాజు. అలా రెండేళ్ళు గడిచాయి.

మొన్న ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున చిన్ననాటి స్నేహితుడు మాలకొండయ్య ఆ వెనకగదికొచ్చి గుప్పెడు వరికంకులు బల్లమీద పడేశాడు.

"చూడు రాజూ. నలిపితే అంతా తాలే. మూడు మందులు కొట్టినా."

గింజలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. వ్యవసాయాధికారి వనజాక్షి గారు చేలో దిగి చూసి, ఇది కంకి నల్లి పని అన్నారట. ఆకు తొడుగు లోపల దాక్కుని రసం పీల్చేస్తుంది, కంటికి కనపడదు. కోత కాగానే మాలకొండయ్య చేనున్న కాలవ కింద రైతులంతా ఒకేసారి కొయ్యకాళ్ళు దున్నెయ్యాలి, లేకపోతే వేసవిలో వేసే ఎడగారు పైరుకు మళ్ళీ ఎక్కుతుంది. ఒక్కరు దున్నకపోయినా ఆ చేలోంచి మిగతా చేలకు పాకుతుంది.

"అందరూ ఒప్పుకున్నారా?" అన్నాడు క్రీస్తురాజు.

"యాడ ఒప్పుకుంటారు! ఆయమ్మ ఫోన్లో ఏదో బొమ్మ చూపించింది. అది ఏ దేశంలో ఎవుడి చేలోదో, మా చేలో ఉండాదంటే ఎట్టా నమ్మేది అంటా ఉండారు. అందర్లోకీ మా పక్క చేను పోలేరమ్మ గొంతే పెద్దది. మంగళవారం మళ్ళీ మీటింగు. రెండు పంటలు పోయినాయి రాజూ. ఎడగారు కూడా పోతే నేనింక సేద్యం మానుకోవాల్సిందే. మా చేలో నల్లిని ఒక్క ఫోటో తీసియ్యి. నమ్మితే దున్నుతారు."

"నేను ఫోటోలు మానేసినా కొండయ్యా."

"తెలుసులే. అయినా నీ దగ్గరికే వచ్చినా."

కంకులు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు మాలకొండయ్య.

చాలాసేపు వాటివంక చూస్తూ కూర్చుని, చివరికి భూతద్దం తీశాడు క్రీస్తురాజు. గోటితో ఆకు తొడుగు చీల్చి లోపలికి చూస్తే దుమ్ము కనిపించింది. ఆ దుమ్ము నడుస్తోంది! మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుందేమో ఒక్కొక్క రేణువు. బీరువా తాళంచెవి ఎక్కడుందని భార్యను కేకేశాడు. ఎలిశబెతు జిరాక్స్ మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

డార్క్‌రూమ్ రోజుల్లో నెగటివ్‌ను పెద్దది చేసే ఎన్లార్జర్ ఇంకా మూలనే ఉంది. ముందు దాని లెన్స్ ఊడదీసి, కెమెరాకు తిరగేసి తగిలించాడు. బొమ్మ పెద్దదే అయింది కానీ నల్లి నువ్వుగింజ కన్నా పెరగలేదు. ఇంకా దగ్గరికి పోవాలంటే సూక్ష్మదర్శిని లెన్సే కావాలి. శనివారం నెల్లూరు వెళ్ళి పాతసామాన్ల కొట్లో వెతికితే ఏదో కాలేజీ పారేసిన సూక్ష్మదర్శిని ఒకటి దొరికింది. పక్కనే మెరిసిపోతూ ఇంకో లెన్స్ ఉంది కానీ దాని ఒంటిమీద పడుకున్న ఎనిమిదిలా అనంతం గుర్తు ఉంది. అలాంటి దానికి, కెమెరాకు మధ్యలో మరో లెన్స్ పెడితే తప్ప బొమ్మ కుదరదని ఆయన చదివి ఉన్నాడు. తనకు దొరికిన పాతదాని లెన్స్ మీద 10 అనీ, 160 అనీ అంకెలున్నాయి. నూట అరవై మిల్లీమీటర్ల గొట్టం ఉంటే చాలు, తనంతట తనే బొమ్మ కడుతుంది. మెరిసేదాన్ని అక్కడే వదిలేసి పాతదాన్ని కొనుక్కుని వచ్చాడు.

గొట్టమంటే ఏముంది, నీళ్ళ పైపు ముక్క! లోపలి తళుకు ఫోటోను వెలవెలబోయేలా చేస్తుందని స్టూడియో తెర అంచు కత్తిరించి నల్ల వెల్వెట్ అంటించాడు. కెమెరా మూతకు కన్నం పెట్టించి పైపును దానికి బిగించాడు. ఎన్లార్జర్ స్తంభానికి కెమెరాను కిందికి చూసేలా తగిలించి, దాని కింద సూక్ష్మదర్శిని పీఠాన్ని పెట్టాడు. రోడ్డుమీద లారీ పోతే బల్ల అదురుతోంది. అందుకని సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు మీద కడప బండ వేసి, మొత్తం సరంజామా దానిమీదికి ఎక్కించాడు.

చిక్కు అసలక్కడే వచ్చింది. ఇంత దగ్గరగా చూస్తే నల్లి తల స్పష్టంగా ఉన్నప్పుడు కాళ్ళు కనపడవు. మిల్లీమీటరులో నూరో వంతు కన్నా తక్కువగా జరుపుతూ ఓ డెబ్భై ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో వాటన్నిటినీ ఒక్కటిగా కలపాలి. పీఠాన్ని జరిపే మర మీద ఆయన చెయ్యి వేసీ వెయ్యగానే కెమెరా తెరమీద భూకంపం. ఎడమచెయ్యి కూడా ఈమధ్య కుడిచేతి బుద్ధులే నేర్చుకుంటోంది. పది సార్లు ప్రయత్నించాడు. పదకొండోసారి కుర్చీని కాలితో తన్ని, "నా వల్ల కాదే ఎలిశబెతూ! నేను పనికిరాను" అని ఏడ్చేశాడు.

ఆవిడ ఆయన్ని పక్కకి జరిపింది. చీర కొంగు దోపుకుని తనే కూర్చుని మర తిప్పింది. ఇల్లంతా కుట్లూ అల్లికలూ వేసిన చెయ్యి అది, వణుకన్నది ఎరగదు. అయినా బొమ్మ అదిరింది. ఇంకోసారి తిప్పింది, ఈసారి నల్లి మాయమే అయిపోయింది.

"నా చెయ్యి బాగానే ఉండాది గదండీ. నాకూ రాలేదే!" అంది ఆశ్చర్యంగా.

క్రీస్తురాజు ఏడుపు ఆపి ఆమెకేసి చూశాడు. అంటే ఇది తన చేతి తప్పు కాదు. ఇది ఏ చెయ్యీ చేయలేని పని. దీనికి చెయ్యి కాదు, పళ్ళచక్రం కావాలి.

వెతగ్గా వెతగ్గా గోడమీద గిటారు కనిపించింది. చర్చిలో పాటలకు ఆయనే వాయించేవాడు, వణుకొచ్చాక అదీ మూలపడింది. దాని తీగ బిగించే కీని పద్నాలుగు సార్లు తిప్పితే గానీ తీగ చుట్టుకునే పుల్ల ఒక్క చుట్టు తిరగదు. ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని లేచాడు.

"పాటల గిటారు విప్పుతారా!" అని ఎలిశబెతు అడ్డమొచ్చింది.

"దేవుడేమీ అనుకోడులే, పక్కకి జరుగు."

కీని విడిగా ఒక చెక్కకు బిగించి, దాన్ని బల్లకు దూరంగా స్టూలు మీద పెట్టాడు. పుల్ల నుంచి పీఠం మర దాకా చేపలు పట్టే నైలాన్ దారం చుట్టాడు. ఇప్పుడు చెయ్యి కీ మీద ఎంత వణికినా, ఆ వణుకు స్టూలు దగ్గరే ఆగిపోతోంది. ఒక చుట్టు తిప్పితే తెరమీద నల్లి వీపు మీది వెంట్రుక మెల్లగా స్పష్టమైంది. మరో చుట్టుకు పక్క వెంట్రుక.

ఇంతలో నల్లి నడిచి వెళ్ళిపోయింది. దాన్ని కాసేపు చల్లబరిస్తే కదలదని ఆయన ఫ్రిజ్ తెరిచాడు.

"నా వంజరం చేప ముక్కల పక్కన పురుగులా? మీకేమన్నా మతి పోయిందా!" అని అరిచింది ఎలిశబెతు. అరుస్తూనే డబ్బాకు చోటు చేసింది.

సోమవారం సాయంత్రానికి మూడు చేల నల్లులు మూడు పెద్ద ఫోటోలయ్యాయి. పోలేరమ్మ చేలోంచి కూడా ఒక దుబ్బు పట్టుకొచ్చాడు మాలకొండయ్య, అడక్కుండానే లెండి! గాజులాంటి ఒళ్ళు, నాలుగు జతల కాళ్ళు, వీపు మీద లెక్కపెట్టగలిగినన్ని వెంట్రుకలు. క్రీస్తురాజు ఆ ఫోటోలను పదేపదే చూసుకున్నాడు. ఒక్కటి కూడా అలకలేదు.

మంగళవారం రైతు సేవా కేంద్రంలో ఆ ఫోటోలు చేతులు మారాయి. తన చేను పేరు రాసి ఉన్నదాన్ని పోలేరమ్మ చాలాసేపు పట్టుకుని చూసింది.

"ఓ యమ్మా! ఇదా నా గింజలు తినింది!"

వనజాక్షి గారు ఫోటోను వెలుగులోకి తిప్పి చూశారు. "ఎవరు తీశారండీ? ఇంత కదలకుండా ఎలా వచ్చింది?"

"మా రాజే" అన్నాడు మాలకొండయ్య.

"ఏందయ్యా, తాగి తాగి నీ చెయ్యి పడిపోయిందన్నారే?" అని పోలేరమ్మ అందరి ముందూ అడిగేసింది.

ఎలిశబెతు ముఖం కందిపోయింది. క్రీస్తురాజు చేతిమీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని, కుడిచేతిని బల్లమీద అందరికీ కనపడేలా పెట్టాడు. దాని పక్కన గ్లాసులో నీళ్ళు అదిరాయి.

"తాగుడు కాదు పోలేరమ్మా, వణుకు. రెండేళ్ళ నుంచి ఇంతే. ఇది కుదురుగా ఉండుంటే చేత్తోనే తీద్దామని చూసేవాణ్ణి, ఫోటో పాడయ్యేది. వణికింది గాబట్టే యంత్రం కట్టినా."

పోలేరమ్మ ఆ చేతిని చూసింది, ఫోటోను చూసింది. తర్వాత వనజాక్షి గారి వైపు తిరిగి, కోతైన వారంలోనే తన చేను దున్నిస్తానని చెప్పింది. ఆమె ఒప్పుకున్నాక ఇంక కాదనేవాళ్ళు లేకపోయారు. మాలకొండయ్య కళ్ళు తుడుచుకోవడానికి బయటికి వెళ్ళాడు.

అందరూ లేస్తుంటే పోలేరమ్మ మళ్ళీ క్రీస్తురాజు దగ్గరికొచ్చింది.

"మా మిరప ఆకులు కూడా ముడుచుకుంటా ఉండాయి. ఏముండాదో ఏమో. రేపు తెస్తా, తీస్తావా?"

"తీస్తా" అన్నాడు క్రీస్తురాజు.