ఎండలో ఆరిన కార్డు

మొన్న మా ఆసుపత్రి పసిపిల్లల వార్డుకు ఏసీ బిగించినప్పుడు, ఇక రక్తపు చుక్కల కార్డులకు వేసవి భయం లేదని అందరూ సంబరపడుతుంటే, నాకు మాత్రం నర్సుగా ఉద్యోగంలో చేరిన తొలి వేసవిలో ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఆ అవ్వ కూతురికి హెచ్ఐవీ. మందులు వేళకు వేసుకుంటోంది కనుక బిడ్డకు చనుబాలు ఇవ్వవచ్చని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచీ ఆ తల్లి ముఖం కళకళలాడుతూ ఉండేది. బిడ్డకు హెచ్ఐవీ పరీక్ష నెలన్నరకు. అంతకన్నా ముందే, అందరు పసివాళ్లకు చేసినట్టే, పాలలోని చక్కెర ఒంటికి సరిపడుతుందా లేదా వంటివి తెలుసుకోవడానికి మడమ మీద గుచ్చి, దళసరి కాగితపు కార్డు మీద రక్తం అద్ది నీడన ఆరబెట్టాము.

పాలలోని చక్కెర పడదేమోనని ఫలితం అనుమానంగా వచ్చింది. మళ్లీ పరీక్ష చేసేదాకా చనుబాలు ఆపమన్నారు. పక్క మంచం ఆమె "ఏమ్మా, పాలు రాలేదా?" అని అడిగినప్పుడల్లా, తన జబ్బు సంగతి పసిగడుతుందేమోనని ఆ తల్లి గోడవైపు తిరిగేది, పాలు ఇంకిపోకుండా చాటుగా పిండి పారబోస్తూ ఏడ్చేది.

రెండో కార్డు నీడన పెడుతుంటే అవ్వ నన్ను ఆపింది.

"ఈడ పెడితే యెప్పుడు ఆరతాది పాపా? పోయినసారి నేనే కిటికీ బయట ఎండకు పెట్టి, ఆరినాక మళ్లా ఆడనే పెట్టినా. చిటికెలో ఎండిపోయినాది!"

చెనక్కాయలైనా వడియాలైనా ఎండకు పెట్టే చెయ్యి మరి, సాయం చేశాననే అనుకుంది. డాక్టరమ్మ "అవ్వా, అదేమన్నా వడియమా!" అని పకపకా నవ్వేసింది. రక్తంలో మేము కొలిచేది ఎండకు చెడిపోయి, లేని దోషం ఉన్నట్టు చూపిస్తుందని చెప్పాక, అవ్వ ఆ కార్డుకు కాపలా కూర్చుని, చూడవచ్చిన డాక్టరమ్మనే "దూరం పోమ్మా, నీ చెయ్యి తగుల్తాది" అని తరిమింది.

ఈసారి ఏ దోషమూ లేదని వచ్చింది. బెరుకుబెరుకుగా నేను ఆ మాట పూర్తి చేయకముందే తల్లి బిడ్డను రొమ్ముకు అదుముకుంది. అవ్వ బొరుగులు తెప్పించి మంచం మంచానికీ పంచింది. హెచ్ఐవీ సంగతి ఆ మంచాల మీది వాళ్లెవరికీ తెలియదు. బిడ్డ తల్లిపాలు తాగవచ్చన్న సంతోషం మాత్రం అందరిదీ అయింది.

ఇప్పుడు ఫలితం నేరుగా తల్లి ఫోనుకే వస్తుంది. గుట్టు గుట్టుగానే ఉంటుంది, మంచిదే. కానీ ఆమె ఒక్కతే చదువుకుని, ఒక్కతే కళ్లు తుడుచుకుని, కొంగు చాటున బిడ్డకు పాలిస్తుంటే, పక్క మంచం ఆమెకు అటు తిరిగి చూడాలని కూడా తోచదు.