పచ్చి చింతబరిగె

మొన్న కామారెడ్డిలో మా బడి ముందర కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని చింతకొమ్మలు నరికారు. ఆ పచ్చి పులుపు వాసన స్టాఫ్‌రూంలోకి రాగానే నా రెండు చేతులూ వాటంతటవే చంకల్లోకి వెళ్లిపోయాయి. ఇరవై ఏండ్లు దాటినా ఇదే తంతు.

ఎల్లారెడ్డి పక్కన మా ఊళ్లో బతుకమ్మకు తంగేడు కోయడంలో నన్ను మించినవాళ్లు లేరు. పొద్దున్నే మంచులో తడుస్తూ చెల్క చేల గట్ల వెంట తిరిగి, కొడవలితో చిటుక్కున కోసి, పావడ నిండా పసుపు పూలు నింపుకొచ్చి, సత్తుపిండి ముద్దలు నములుతూ గొప్పలు పోయేదాన్ని. ఆ పేరు బడిదాకా పాకింది. లెక్కల సారుకు కొట్టడానికి బరిగె పిల్లలే తెచ్చివ్వాలి, ఆ పని నాకు వచ్చింది. వంగినా విరగని లేత చింతబరిగె ఏరి, ఆకులు దూసి, గణుపులు చెక్కి, బహుమతి గెలిచినదానిలా తెచ్చిచ్చేదాన్ని.

ఆరో తరగతిలో ఒకరోజు అది నా పక్కన కూర్చునే లక్ష్మి మీద పడింది. పదిహేడో ఎక్కం తప్పింది, అంతే. అరచేతులయ్యాయి, పిక్కలయ్యాయి, ఆయన ఆగలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య లక్ష్మి చేతులు చంకల్లో దాచుకునేది. మేమంతా కదలకుండా చూశాం. బరిగె విరగలేదు. అంత మంచిది తెచ్చాను మరి.

బడిలో అన్నం వండే సాయవ్వ చేతిలో గంటెతోనే లోపలికి వచ్చింది. సార్ల ముందు తలెత్తని మనిషి, వచ్చి లక్ష్మికి అడ్డంగా నిలబడింది. ఎత్తిన బరిగె ఆమె భుజం మీద పడింది.

"ఇగ సాలు సారూ. గది నాకియ్యుండ్రి."

చాపిన ఆ చేయి ఎంతకూ దిగలేదు. సారు ఇచ్చేశాడు. ఆమె దాన్ని తీసుకుపోయి అన్నం పొయ్యిలో పెట్టింది.

మధ్యాహ్నం నా పళ్లెంలో ఎప్పటిలాగే పప్పన్నం వేసి, నాకు మాత్రమే వినబడేలా అంది:

"మంచిగ కోస్తవు బిడ్డా. గసొంటిది ఇగ కొయ్యకు."

తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. వారం తర్వాత సారు మళ్లీ పంపితే, వాకిట్లో చింతచెట్టు పెట్టుకొని, "దొరకలేదు సారూ" అన్నాను. చెక్క స్కేలుతో రెండు దెబ్బలు పడ్డాయి. నొప్పి పుట్టలేదంటే అబద్ధం. కానీ నా జీవితంలో నేను మెచ్చుకునే పని అదొక్కటే, అది కూడా సాయవ్వ పుణ్యమే.

ఇప్పుడు బడుల్లో బరిగెలు లేవు. సాయవ్వా లేదు. మొన్న ఆ నరికిన కొమ్మల్లోంచి ఒక పాప చక్కటి బరిగె ఏరి, ఆకులు దూసి తెచ్చింది.

"మంచిగుంది టీచర్, మీకే తెచ్చిన."

"మంచిగ దూసినవు బిడ్డా. ఇగ తేకు" అన్నాను.

దాన్ని పట్టుకొని వంటగది దాకా వెళ్లాను. అక్కడ గ్యాసుపొయ్యి ఉంది. చేతులతోనే విరవబోయాను. విరగలేదు.