ఆఖరి మాట అందించని ప్రాంప్టరు

మంగళవారం పొద్దున ఫోన్ మాట్లాడుతూనే మా అమ్మాయి పొయ్యి ఆపేసింది. పెనం మీద దోసె సగం కాలి ఉంది. "ప్రాంప్టర్ ఆంటీ పోయారు నాన్నా. నిద్రలోనేనట," అంది. అమెరికాలో, ఈ మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్ళకి ఆవిడ పేరు అదే. నాకంటే పదేళ్ళు చిన్న. పోయేందుకు వరసలో నేను ముందున్నాను, ఆవిడే దాటుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ గురించి చెప్పాలంటే నా గురించి రెండు ముక్కలు తప్పవు. నేను బస్సు కండక్టరుగా రిటైరయ్యాను. బడి చదువు తొమ్మిదో తరగతితో సరి. తక్కినదంతా ప్రయాణికులు సీట్లలో మర్చిపోయిన పుస్తకాలతోనే. డిపోలో అప్పగించి నెల్లాళ్ళు చూస్తే ఎవరూ వచ్చేవారు కాదు, నేనే తెచ్చుకునేవాణ్ణి. వాటిలో సగానికి ఆఖరి పేజీలుండేవి కావు, ఎవరో పల్లీల పొట్లానికి చింపేసి ఉంటారు. ముగింపులు నేనే కట్టుకునేవాణ్ణి. ఆ అలవాటే ముదిరి నాటికలు రాయించింది.

ఐదేళ్ళ కిందట ఉగాదికి ఇక్కడి తెలుగు సంఘంవాళ్ళు నాటిక కావాలంటే ఆటిజం ఉన్న ఓ యువకుడి కథ రాశాను. అలాంటివాళ్ళని దగ్గరగా చూసి ఎరగను. సినిమాల్లో, సీరియళ్ళలో చూసిందీ నవలల్లో చదివిందీ కలిపి బొమ్మ కట్టాను. ఏ తేదీ చెప్పినా ఏ వారమో ఠక్కున పలక మీద రాసి చూపిస్తాడు. ఇరవయ్యేళ్ళు పెదవి విప్పడు. ఆఖరి రంగంలో తల్లి ఆసుపత్రికి బయల్దేరుతుంటే మొదటిసారి "అమ్మా" అంటాడు, ఆపైన ఎనిమిది వాక్యాలు తడుముకోకుండా మాట్లాడతాడు. ఆ ఎనిమిదీ రాస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను.

తెర పక్కన నిలబడి నటులకి మాటలు ముందుగా అందించే పనికి ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ గొంతు స్టేజీ దాటదు, అక్షరం మాత్రం అరగదు. రిహార్సళ్ళకి వాళ్ళమ్మాయిని వెంట తెచ్చుకునేది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల. ఆటిజం. మాటలు లేవు. తల్లి కావలసివస్తే వచ్చి మోచెయ్యి పట్టుకునేది.

రెండో రోజు ఆవిడ కాగితాలు మడిచి నా దగ్గరికొచ్చింది. "బాబాయిగారూ, ఈ తేదీల లెక్క ఏమిటండీ?"

"అలాంటివి వాళ్ళకి వస్తాయట కదమ్మా."

"ఎవరికండీ? మా అమ్మాయికి ఇవాళ ఏ వారమో కూడా అక్కర్లేదు." మడిచిన కాగితాలు విప్పి, "పోనీ, ఆఖర్న వాడు మాట్లాడకపోతే ఏమవుతుంది?"

"నాటకం అవదు తల్లీ."

"మా ఇంట్లో రోజూ అవుతోంది," అంది. అని వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

నేను ఒక్క అక్షరం మార్చలేదు. కండక్టరు బుద్ధి, టికెట్ కొట్టాక వెనక్కి తీసుకోడు.

వేషం వేసినవాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వర్క్ బిజీ. ఆ ఎనిమిది వాక్యాలూ నేర్చుకోవయ్యా అంటే, "ప్రాంప్టర్ ఆంటీ ఉన్నారుగా అంకుల్, డోంట్ వర్రీ," అనేవాడు. తెలుగు నాటకానికి ఈ జబ్బు ఈనాటిది కాదు. మా ఊళ్ళో ఒకాయన పద్యాల పుస్తకాన్ని కిరీటంలో పెట్టుకుని స్టేజీ ఎక్కాడు, తల వంచితే రాజ్యం పోయేది. సరే, అది వేరే కథ.

నాటకం రోజు అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియం నిండింది. ఆఖరి రంగం. తల్లి వేషం ఆవిడ పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. మనవాడు తెర వైపు చూశాడు. మాట రాలేదు. మళ్ళీ చూశాడు. లోపల్నుంచి గాలి కూడా రాలేదు. ఏం చెయ్యాలో తోచక, సెట్టింగు కోసం కుప్పగా పోసిన బట్టల ముందు చతికిలబడి ఒక తువ్వాలు మడతపెట్టడం మొదలెట్టాడు. ఆవిడా పెట్టె దించి పక్కన కూర్చుని ఓ చొక్కా అందుకుంది. ఇద్దరూ చాలాసేపు బట్టలు మడిచారు. తెర దించేవాడికి ఆఖరి మాట వినపడితేగా. చివరికి నా పక్కనున్న పెద్దాయన అడిగాడు, "అయిపోయిందాండీ?"

కోపంతో తెర వెనక్కి వెళ్ళాను. "పేజీ పోయిందా అమ్మా?"

"లేదండీ, ఉంది." వేలు ఆ మొదటి వాక్యం కిందే ఉంది. "మా అమ్మాయి మూడో వరసలో కూర్చుంది బాబాయిగారూ. ఇన్నేళ్ళలో అది నన్ను అనని మాట, అది చూస్తుండగా ఇంకొకరి చేత అనిపించడానికి నాకు నోరు రాలేదు."

గిరుక్కున తిరిగి వచ్చేశాను. పదిహేను రోజులు ఆవిడతో మాట్లాడలేదు. పదహారో రోజు ఆవిడే లైబ్రరీ సంచీతో మా తలుపు కొట్టింది. "మీరు చదవరని కాదు. మావాళ్ళు, అంటే మా అమ్మాయిలాంటివాళ్ళున్న పుస్తకాలు కలిసి చదువుదామని."

అలా ఐదేళ్ళు చదివాం. నా ఇంగ్లీషు నత్తనడక, ఆవిడ పేరాకి పేరా తెలుగులో చెప్పేది. లైబ్రరీలో బల్ల దగ్గర నిలబడి ముందు ఆఖరి పేజీ తిరగేసేది. ఆటిజం ఉన్న పాత్ర చివరికి మామూలుగా అయిపోయినా, చచ్చిపోయినా పుస్తకం మళ్ళీ అరలోకి వెళ్ళేది. "లెక్కలు, పియానో, హంతకుణ్ణి పట్టుకోడం. మూడిట్లో ఒకటైనా రాకపోతే మావాళ్ళకి నవలల్లో అద్దెకి కూడా చోటివ్వరు," అనేది. ఒకదాంట్లో మాత్రం ఓ చెల్లెలు పాత్ర దొరికింది. ఏ అద్భుతమూ చెయ్యదు. అన్న పెళ్ళి విందులో బ్రెడ్డు ఒక్కటే తిని ఊరుకుంటుంది. నలభయ్యో పేజీ తర్వాత మరి కనపడదు. "రచయిత మర్చిపోయాడమ్మా," అన్నాను. "మర్చిపోతే పోయాడు, బాగు చెయ్యలేదుగా," అంది, ఎంతో సంతోషంగా.

నాకు ఆశ్చర్యం. అరవై ఏళ్ళు కథలు చదివినవాణ్ణి, అందులో ఎవరికి ఏ పని అప్పగిస్తున్నారో ఒక్కసారీ అడగలేదు. ఒకరు పక్కవాళ్ళ కళ్ళు తెరిపించడానికి, ఒకరు ఏడిపించడానికి. తమ కోసం తాము ఉన్నవాళ్ళు తక్కువ.

"మా అమ్మాయి గడుసుది బాబాయిగారూ. ఆ గడుసుదాన్ని రాయండి. నేను పోయేలోపు ఒక్కసారి చదువుకుంటా," అనేది. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఆఖరి పేజీ చూసి నవ్వి వెనక్కిచ్చింది. నాలుగోది మొదలెట్టలేదు. చాలా టైముందనుకున్నాను.

గురువారం వాళ్ళింటికి వెళ్ళాం. హాలునిండా జనం. అందరూ ఆవిడ భర్తతో మాట్లాడుతూ, ఓరగా కూతురి వైపే చూస్తున్నారు. "అమ్మ ఏదమ్మా? అమ్మ కావాలా?" అని అడిగింది ఒకావిడ. నేనూ ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒకటి జరుగుతుందని కాదు, జరగాలని. ఇన్ని పుస్తకాలు చదివాక కూడా.

ఇంతలో ఆ పిల్ల లేచి మా మధ్యనుంచి గుమ్మం దగ్గరికి నడిచింది. మెడలన్నీ తిరిగాయి. బయట కుప్పగా పడున్న చెప్పులూ బూట్లూ ఒక్కొక్కటే ఏరి, జతలు కలిపి, ముక్కులు రోడ్డువైపు తిప్పి వరసగా పేర్చడం మొదలెట్టింది.

"పాపం, అమ్మ వెళ్ళిన దారి చూపిస్తోంది," అని కళ్ళొత్తుకుంది ఇందాకటావిడ.

"కాదండీ," అన్నాడు ఆ పిల్ల తండ్రి, నవ్వు ఆపుకోలేక. "జనం ఎక్కువైతే అంతే చేస్తుంది. ఇక బయల్దేరమని."

ఒక్కొక్కరే లేచారు. నా చెప్పులు మెట్టు అంచున సిద్ధంగా ఉన్నాయి. కాళ్ళు దూర్చి నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే, ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి, ఇంకా కదలని జతల వైపు ఓపిగ్గా చూస్తోంది.