అన్న ఎక్కినాడో లేదో

ముంబై నుంచి చెన్నైకి విమానంలో మనిషిని ఎలా తెచ్చుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు. ప్రాణం పోయిన మనిషి సంగతి నేను చెబుతున్నది. మీకెవరికీ అలాంటి ప్రయాణం పడకూడదు. ఒకవేళ పడితే ఈ నాలుగు ముక్కలూ పనికొస్తాయని రాస్తున్నాను.

మా అన్న పోలయ్య పులికాట్ సరస్సులో వేట చేసుకుని బతికినవాడు. సరస్సులో చేప తగ్గిపోయాక ముంబై వెళ్లి ఒక మరపడవలో పనికి కుదిరాడు. ఒకరోజు పొద్దున వల లాగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. పడవ యజమాని దగ్గర పనిచేసే మేనేజరు ఫోన్ చేసి, "ఇక్కడే దహనం చేయమంటారా, తీసుకెళతారా?" అని హిందీలో అడిగాడు. నేను సూళ్లూరుపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. ఇంట్లో కాస్త హిందీ, ఇంగ్లీషు వచ్చింది నాకే. ఆయన అడిగింది మా వదిన చెంచమ్మకు చెప్పాను. ఆమె ఏడుపు ఆపి ఒకటే మాట అంది.

"ఆయన్ని ఈడికే తేవాల సుజాతా. ఆ ఊళ్లో ఆయనకి ఎవురుండారు?"

మర్నాడు తెల్లారే సరస్సు ఒడ్డున ఉన్న మా పాలెం నుంచి ఆటోలో సూళ్లూరుపేట వచ్చి, చెన్నై వెళ్లే లోకల్ రైలెక్కాం. సెంట్రల్ స్టేషన్లో దిగితే మెట్రో రైలు నేరుగా విమానాశ్రయం లోపలికే తీసుకెళుతుంది. ఆటోల కోసం వెతుక్కోవద్దు. స్టేషన్లో ఇడ్లీ పొట్లం కొన్నాను గానీ వదిన ముట్టలేదు. మాకిద్దరికీ విమానం ఎక్కడం అదే మొదటిసారి. ఆ విమానంలో పనిచేసే అమ్మాయి నవ్వుతూ తమిళంలో పలకరించింది. వదినకు బెల్టు పెట్టుకోవడం రాకపోతే వంగి తనే పెట్టింది. మా వైపు తమిళం అందరికీ అర్థమవుతుంది కాబట్టి వదిన కూడా రెండు మాటలు బదులు చెప్పింది. విమానమంటే ఇంతేనేమో, భయపడాల్సింది లేదు అనుకున్నాం.

ముంబైలో మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ మేనేజరే. పోలీసుల కాగితాలు, డాక్టరు కాగితాలు అన్నీ ఆయన సిద్ధం చేయించాడు. ఆ సాయం మరచిపోలేను. అన్నను చూసినప్పటి సంగతి ఇక్కడ రాయను. ఆ రాత్రి రేవు దగ్గర ఒక చిన్న లాడ్జిలో పడుకున్నాం. పడుకున్నామనే గానీ, వదిన గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. మనిషిని ఉంచిన పేటికను ప్రయాణికుల గేటు దగ్గర తీసుకోరు. సరుకులకు వేరే గేటు ఉంటుంది. చాలా ముందుగా వెళ్లి అక్కడ అప్పగించాలి. అప్పగించాక మనం వేరే దారిన వెళ్లి విమానం ఎక్కాలి. అక్కడి గుమస్తా రసీదు ఇస్తూ, "చోటుంటే ఈ విమానంలోనే వస్తుంది, లేకపోతే తర్వాతి దాంట్లో" అన్నాడు. ఆ మాట వదినకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. ఇక అక్కడి నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. లోపలికి నడుస్తూ, తనిఖీ దగ్గర చేతులెత్తి నిలబడి, బస్సులో కూర్చుని, "ఆయన ఎక్కినాడా? ఎవర్నన్నా అడుగు" అంటూనే ఉంది.

విమానం తలుపు దగ్గర ఒక అమ్మాయి చేతులు జోడించి నిలబడింది. మా ముందు ఎర్రగా, పొడుగ్గా ఉన్న దంపతులకు "గుడ్ మార్నింగ్ సర్, గుడ్ మార్నింగ్ మేడమ్" అని నిండుగా నవ్వింది. వాళ్ల వెనక మేం. వదిన నల్లగా ఉంటుంది, నేనూ అంతే. వదిన నూలు చీర రెండు రోజులుగా ఒంటి మీదే ఉంది. అమ్మాయి చేతులు కిందికి దిగాయి. చీటీ చూసి, "పీఛే, పీఛే" అని వెనక సీట్ల వైపు వేలితో చూపించింది. మా తర్వాత వచ్చినాయనకు మళ్లీ గుడ్ మార్నింగ్ వినబడింది.

అప్పటికి నేను పెద్దగా పట్టించుకోలేదు. కూర్చోగానే వదిన నా మోచెయ్యి పట్టుకుంది. నేను ఆ అమ్మాయిని ఆపి ఇంగ్లీషులో, "కార్గోలో మా అన్న..." అని మొదలుపెట్టాను. కార్గో అన్న మాట దగ్గరే ఆపేసి, "సామాను సంగతి దిగాక అడగండి" అని వెళ్లిపోయింది. రెండోసారి వదినే చెయ్యి చాపి, "అమ్మా, మా ఆయన ఎక్కినాడా?" అని తెలుగులో అడిగింది. "తమిళా?" అంది ఆ అమ్మాయి నావైపు చూసి. "కాదు, తెలుగు" అన్నాను. "సరే, ఏదో ఒకటి. ముందు కూర్చోమనండి" అంది. వెనక ఉన్న ఇంకో అమ్మాయితో హిందీలో ఏదో అని నవ్వింది. అందులో నా చెవిన పడింది 'మదరాసీ' అన్న మాట ఒక్కటే. మిగతాది ఏమిటో నాకు తెలియదు. మా గురించి కాకపోయినా కావచ్చు.

కిటికీ పక్కన కూర్చున్న చెన్నై పెద్దాయన, "మీరు బాధపడకండమ్మా, పైకి లేచాక నేను అడుగుతాను" అన్నారు ఇంగ్లీషులో. ఆయన అడగబోయే లోపే మా ముందు వరసలో ఒక తెల్లామె గంట నొక్కింది. ఆ అమ్మాయే వచ్చింది. తెల్లామె కంగారుగా అడిగినదంతా నాకు వినబడింది. అమ్మాయి ఆమె సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి ఓపిగ్గా వింది. లేచి ముందుకు వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి, "కెప్టెన్‌ని అడిగాను మేడమ్. మీ వాడు క్షేమంగా ఎక్కాడు. కింద చలి కూడా ఉండదు, దిగులు పడకండి" అంది.

వదినకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ తెల్లామె ముఖం తేటపడడం చూసింది.

"ఏం చెప్పినాదంట ఆమెకి?"

అబద్ధం నోటికి రాలేదు. "ఆమె కుక్క కింద పెట్టెలో ఉందంట వదినా. ఎక్కిందని చెప్పింది."

వదిన కొంగుతో మొహం తుడుచుకుని, "కుక్కని ఎక్కించినోళ్లు మనిషిని వదిలేస్తారా? ఆయనా ఎక్కే ఉంటాడులే. ఒక్కడే లేడు, అదన్నా తోడుండాది" అంది.

నేను లేచి ముందుకు వెళ్లబోయాను. బెల్టు దీపం వెలుగుతోంది, వెళ్లి కూర్చోమని వెనక్కి పంపారు. పెద్దాయన గంట నొక్కారు. వేరే కుర్రాడు వచ్చి, కనుక్కుంటానన్నాడు. ఆ తర్వాత భోజనాల బళ్లు వచ్చాయి, కుర్రాడు మళ్లీ రాలేదు. వదిన, "ఇంక అడగబాకు సుజాతా. మనమంటే వాళ్లకి విసుగ్గా ఉండాది" అంది.

చెన్నైలో దిగేటప్పుడు తలుపు దగ్గర ఆ అమ్మాయే ఉంది. వదిన ఆమె ముందు ఆగి రెండు చేతులూ జోడించింది. "చల్లగా ఉండు తల్లీ. ఆయన్ని మా దగ్గిరికి తెచ్చినారు."

"ఏమంటున్నారు?" అంది ఆ అమ్మాయి.

"కింద పేటికలో వాళ్లాయన ఉన్నాడు, మా అన్న. చనిపోయాడు. తెచ్చినందుకు దండం పెడుతోంది" అన్నాను.

ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "సామాను గురించి అడుగుతున్నారనుకున్నాను... సారీ" అంది మెల్లగా. ఆమెకు నిండా పాతికేళ్లు కూడా ఉండవు. కళ్లు తడయ్యాయి కూడా. వెనక జనం తోస్తుంటే మేం మెట్లు దిగాం.

సరుకుల గేటు దగ్గరికి నడిచి వెళ్లి రసీదు ఇచ్చాను. అక్కడి ఆయన కంప్యూటర్లో చూసి, మా ఇద్దరి ముఖాలూ చూసి, తమిళంలోనే మెత్తగా చెప్పాడు. "ఇందులో రాలేదమ్మా. చోటు చాలక అక్కడే దించేశారు. మధ్యాహ్నం విమానంలో వస్తుంది."

తమిళం కాబట్టి నేను మార్చి చెప్పే అవసరం లేకపోయింది. వదిన ఉన్నచోటే కూలబడింది.

"నన్ను దించేసుంటే సరిపోయేది గదా. ఆయన్ని ఒంటిగా వదిలిపెట్టి వచ్చేసినా గదా నేను" అని ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా అలా ఏడవలేదు. గేటు కాపలాదారు కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు. మధ్యాహ్నం దాకా అదే నేల మీద ఉంది.

విమానం కదలక ముందే ఎవరైనా కనుక్కుని చెప్పి ఉంటే ఏమయ్యేది? విమానం ఆగి ఉండేది కాదు. మేం దిగిపోయి ఆయన పక్కన ఆ పూట కూర్చునేవాళ్లం. అంతే. కానీ వదినకు ఆ అంతే కావాల్సింది.

అందుకే మీకు చెప్పేది, పేటిక ఎక్కిందని అక్కడివాళ్లు నోటితో చెప్పేదాకా మీరు ఎక్కకండి. ఎంత విసుక్కున్నా అడగండి.

మధ్యాహ్నం దాటాక అన్న వచ్చాడు. అంబులెన్సులో పేటిక పక్కన బల్ల మీద మేమిద్దరం కూర్చున్నాం. బడిలో తోటి టీచరు ఫోన్ చేసి, "ఫిర్యాదు పెట్టు, ఊరుకోవద్దు" అంది. ఏమని పెట్టను? మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. నవ్వు తగ్గిందని రాయనా? చేతులు దించిందని రాయనా? మా రంగు వల్లో, భాష వల్లో, చీర వల్లో ఆ అమ్మాయికే తెలిసి ఉండదు. చివర్లో ఆమె కంట్లో తడి నిజమే. మా మాట పూర్తిగా వినకపోవడమూ నిజమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. దుఃఖం మాత్రం తెలుస్తోంది.

గుమ్మిడిపూండి దాటాక పొద్దు వాలింది. వదిన పేటిక మీద అరచెయ్యి ఆనించి వంగింది.

"ఇదో, ఆరంబాకం వచ్చినాది" అంది అన్నతో.

కాసేపాగి, "తడ వచ్చినాది. ఇంక మనూరు దగ్గిరే" అంది.

డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి, బండి నెమ్మది చేశాడు. ఆమె ఒక్కో ఊరూ చెబుతూనే ఉంది.