లెక్కలోకి రాని యాభై ఎనిమిది రోజులు

పోయిన ఆదివారం మా అత్త ఫోన్ చేసి, మామ గది సర్దుతున్నాననీ, అల్మారాలో ఆయన రాసుకున్న లావుపాటి పుస్తకాలు ఐదు ఉన్నాయనీ, నాకేమైనా పనికొస్తాయేమో వచ్చి చూసుకోమనీ చెప్పింది. మామ పోయి అప్పటికి ఏడాది దాటింది. మారతహళ్ళిలో బయలుదేరి, మెజెస్టిక్‌లో మెట్రో మారి, చిక్కపేటలో దిగి, చీరల గోదాముల మధ్య తోపుడు బండ్లను తప్పించుకుంటూ వాళ్ళ సందులోకి నడిచేసరికి మధ్యాహ్నమైంది. అత్త ఆ పుస్తకాలను గుడ్డసంచిలో పెట్టి నా ఒళ్ళో ఉంచింది. "పాత పేపరోనికి ఏద్దామంటే మనసొప్పలేదప్పా. ఈటిల్లో ఏముండాదో నీకే తెలియాల" అంది.

అవి మామ లాగ్‌బుక్కులు. విమానాల మరమ్మతు ఇంజనీరు తన చేత్తో చేసిన ప్రతి పనినీ తేదీ, విమానం నంబరు, పని వివరం, సంతకం అనే నాలుగు గడుల్లో రాసుకునే పుస్తకాలు. నేనూ అదే వృత్తిలో ఉన్నాను. నాకింకా నలభై రాలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదు. కానీ ఈ వృత్తిలో మనుషుల కంటే సంస్థలు ముందు పోతాయి. నేను పనిచేసిన మూడింటిలో రెండు ఇప్పుడు లేవు. వాటిలో మొదటిదాని గురించీ, అందులో మామ గురించీ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మామ అంటే మా అమ్మకు పెద్దన్న. వాళ్ళ తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి చిక్కపేటలో గుడ్డల వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబం. అన్నదమ్ములంతా మీటరు బద్ద పట్టుకుంటే ఈయనొక్కడు స్పానరు పట్టుకున్నాడు. నేను డిప్లొమా ముగించుకుని బెంగళూరు వచ్చినప్పుడు నన్ను తన సంస్థలో సహాయక మెకానిక్‌గా చేర్పించింది ఆయనే. పనిలో ఆయన్ను సార్ అనాలి, బస్సులో మామా అనవచ్చు, ఆ ఏర్పాటు మొదటి రోజే చేశాడు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పాత విమానాశ్రయం ఉన్న రోజుల్లో మారతహళ్ళి మీదుగా విమానాలు ఎంత కిందుగా దిగేవో. నేను చేరేనాటికి ప్రయాణికుల విమానాలన్నీ దేవనహళ్ళిలోని కొత్త విమానాశ్రయానికి వెళ్ళిపోయాయి. కొత్తది తెరిచిన రోజే పాతది మూయాలని ప్రభుత్వం ఒప్పందం రాసుకుందట. అందుకని నేను మారతహళ్ళి నుంచీ ఆయన చిక్కపేట నుంచీ బయలుదేరి హెబ్బాళలో కలుసుకుని ఒకే బస్సులో పోయేవాళ్ళం. ఈ దేశంలో విమానాల చరిత్ర నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ కాదు, ఆ బస్సులో కిటికీ పక్క సీట్లో. ఎగిరేవన్నీ ప్రభుత్వానివే అయిన రోజులు, ఏ ఊరికి ఎన్ని సీట్లు పోవాలో, టిక్కెట్టు ఎంతుండాలో ఢిల్లీలో తేల్చిన రోజులు ఆయన చూశాడు. తర్వాత ప్రైవేటు వాళ్ళకు తలుపు తెరిచినప్పుడు మొదట వాళ్ళను ఎయిర్ ట్యాక్సీ అన్నారనీ, విమానాలు నడుపుకోవచ్చు గానీ టైంటేబులు ప్రకటించకూడదన్నారనీ చెప్పి నవ్వేవాడు. "బస్సు నడుపుతా, అద్దె కారని బోర్డు పెట్టినట్ల" అనేవాడు. విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ళు ఇక్కడే తిరిగి ఉండాలి, ఇరవై విమానాలుండాలి అన్న నిబంధన సంగతీ, లాభం వచ్చే పెద్ద ఊళ్ళతో పాటు రాని చిన్న ఊళ్ళకూ ఇన్ని సీట్లు నడపాలన్న నిబంధన సంగతీ ఆయన చెబితేనే విన్నాను. నేను ప్రతి నిబంధనకూ పక్కన లాభమా నష్టమా అని రాసుకునే రకం. ఆయన మాత్రం ఏ నిబంధననూ తిట్టగా వినలేదు, మెచ్చుకోగానూ వినలేదు. వానాకాలం గురించి రైతు మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

మా సంస్థ చిన్నది. ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న విమానాలు కొన్ని, అవన్నీ చిన్న ఊళ్ళకే. ఒకటొకటిగా విడిభాగాలు దొరక్క ఆగిపోయి, చివరికి ఎగరగలిగిన విమానాలు నిబంధన చెప్పే కనీస సంఖ్య కంటే తగ్గాయి. ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. నడిపే అనుమతి నిలిపివేశారు, దానితో పాటే మా మరమ్మతు విభాగానికి ఉన్న అప్రూవల్ కూడా. అప్రూవల్ అంటే, ఫలానా సంస్థలో జరిగే పనిని మేం తనిఖీ చేస్తున్నాం, అక్కడి సంతకాన్ని నమ్మవచ్చు అని ప్రభుత్వం ఇచ్చే మాట. నోటీసు బోర్డు ముందు నిలబడి మామ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కింద తేదీని తన జేబు డైరీలో రాసుకున్నాడు. ఆ తేదీ ఎందుకని అప్పుడు నేను అడగలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మా లైసెన్సు బతకాలంటే గడువు తేదీకి ముందు రెండేళ్ళలో కనీసం ఆరు నెలలు, అంటే నూట ఎనభై రోజులు, పనిచేసి ఉండాలి. మామకు వెన్నుపూసకు ఆపరేషనై ఏడాదిన్నర ఇంట్లోనే ఉన్నాడు. తిరిగి చేరాక సరిగ్గా నూట ఇరవై ఆరు రోజులు పనిచేశాడు, అంతలో సంస్థ ఆగింది. గడువుకు రెండు నెలలే ఉన్నాయి, తక్కువైనవి యాభై నాలుగు రోజులు. హైదరాబాదులో ఒక మరమ్మతు సంస్థ ఆయన్ను తీసుకుంటామంది, లైసెన్సు చెల్లుబాటులో ఉంటేనే. గడువు దాటితే ఎవరి చేతి కిందో మళ్ళీ ఆరు నెలలు, మళ్ళీ పరీక్షలు. యాభై ఏడేళ్ళ మనిషికి, ఆ వెన్నుతో, అది అయ్యే పని కాదని మా అందరికీ తెలుసు.

అయినా ఆ రెండు నెలలూ మామ ఇంట్లో కూర్చోలేదు. చివరి విమానం దేవనహళ్ళిలో ఒక మూల నిలిచిపోయింది. లోపలికి వెళ్ళడానికి మా పాసులు ఇంకా చెల్లుతున్నాయి, దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని విమానాశ్రయం వాళ్ళూ కోరుతున్నారు. జీతాలు ఆగినా ఆయన హెబ్బాళ బస్‌స్టాపులో అదే సమయానికి కనిపించాడు. "ఊరికే సుమ్నే నిలబెడితే పాడైపోతాదప్పా. రేపు ఎవురో ఎక్కుతారు గదా" అన్నాడు. ఎగరని విమానానికి పని తక్కువనుకుంటారు గానీ, ఎగిరే దానికంటే అదే ఎక్కువ అడుగుతుంది. బరువంతా ఒకే వైపు పడి టైర్లు చదును కాకుండా వారానికోసారి ముందుకు జరిపి తిప్పాలి. ఇంజన్ల మూతుల దగ్గర కట్టిన పొడి సంచులు తేమ పీల్చి నీలం నుంచి గులాబీ రంగుకు మారితే కొత్తవి పెట్టాలి. ఇంధనపు ట్యాంకుల అడుగున చేరిన నీళ్ళు వదలాలి. గొరవంకలు గూడు కట్టకుండా ప్రతి రంధ్రానికీ తొడుగు వేయాలి. మామ తమ్ముడి అంగడి నుంచి తెల్లటి కాటన్ ముక్కలు సంచి నిండా తెచ్చేవాడు, విమానం అద్దాలను వాటితోనే తుడిచేవాళ్ళం. చేసిన ప్రతి పనినీ నేను నా నోటుబుక్కులో రాసుకున్నాను. మొత్తం యాభై ఎనిమిది రోజులు.

అవసరమైనవి యాభై నాలుగు, ఉన్నవి యాభై ఎనిమిది. ఈ లెక్క తోచిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మరునాడు మా క్వాలిటీ మేనేజరును కలిశాను. సంస్థ మూతపడుతున్నా పాత కాగితాల కోసం ఇంకా ఆఫీసుకు వస్తున్న పెద్దమనిషి. ఆయన నా జాబితా అంతా చూసి, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఇంతకాలం ఇంత నిజాయితీగా పనిచేసిన మనిషికి ఈ మాత్రం చేయకపోతే ఎలా, పనిచేసిన రోజుల ధ్రువపత్రం మీద సంతకం నేను పెడతానన్నాడు. ఆ ఆదివారం చిక్కపేట మేడ గదిలో కూర్చుని మామ లాగ్‌బుక్కులో యాభై ఎనిమిది రోజులూ నా చేత్తో వరుసగా ఎక్కించాను. సంతకం గడి ఒక్కటే ఖాళీగా ఉంచి పుస్తకం ఆయన ముందు పెట్టాను.

మామ కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కొక్క వరుసే చదివాడు. మధ్యలో నవ్వాడు కూడా. "టైరు ఎన్ని అంగుళాలు తిప్పినామో గూడా రాసినావే. నీ పెండ్లికి పత్రిక గూడా ఇట్లే రాస్తావేమో" అన్నాడు. అంతా అయ్యాక పెన్ను తీసుకున్నాడు. మొదటి వరుస మీద, కింద అక్షరాలు కనబడేట్టు ఒకే ఒక గీత గీసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేశాడు. మా వృత్తిలో తప్పు దిద్దే పద్ధతి అదే, చెరపకూడదు, దిద్ది ఒప్పుకోవాలి. తర్వాత రెండో వరుస. తర్వాత మూడోది.

"ఇదంతా మనం చేయలేదా మామా?" అన్నాను.

"చేసినాం. ఎవురు కాదన్నారు?"

"మేనేజరు గారు సంతకం పెడతానన్నారు."

"పెడతాడు, మంచోడు. అప్రూవల్ పీకేసినాక ఆయప్ప సంతకానికి విలువ యాడుండాది? ఆ పొద్దు నుంచి ఆయప్పా, మనమూ, ఆడ గేటు కాడ టీ అమ్మే ఆయప్పా ఒకటే."

"మనం తప్పు చేశామా మరి? ఒక్కటి చూపించండి."

ఆయన గీతలు ఆపలేదు. "చేసినామో లేదో చెప్పేదానికి మన పైన ఎవురుండారప్పా? నా పనికి నేనే సాక్షినంటే ఎవురు నమ్మి ఎక్కాల?"

నాకు కోపం వచ్చింది. అత్త కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉందని తెలిసే అన్నాను, ఎక్కేవాళ్ళలో ఒక్కరికైనా మీ పేరు తెలుసా అని.

"తెలీదు గదా," అన్నాడు మామ. "అందుకే."

యాభై ఎనిమిది వరుసలూ కొట్టేశాడు. కాఫీ చల్లారిపోయింది. నేను తాగకుండానే మెట్లు దిగి వచ్చేశాను.

లైసెన్సు గడువు ఒక గురువారం ముగిసింది. హైదరాబాదు ఉద్యోగం మరొకరికి పోయింది. మామ తమ్ముడి అంగడిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. అత్త ఆయన్ను ఒక్క మాట అన్నట్టు నేను వినలేదు, కానీ ఆ ఏడాది ఆమె నన్ను పండుగ భోజనానికి పిలవలేదు. ఆశ పెట్టిన వాడిని నేనే కదా.

కొన్ని వారాలకు ఆ విమానాన్ని అద్దెకిచ్చిన అసలు యజమానులు తమ ఇంజనీర్లను పంపారు. మేం ఎంత చక్కగా ఉంచామో వాళ్ళు చూశారు, మెచ్చుకున్నారు, ఆ మీద మా రెండు నెలల పనిని అసలు లెక్కలోకే తీసుకోకుండా అన్నీ మొదటి నుంచీ మళ్ళీ తనిఖీ చేశారు. నేను ఉడికిపోతూ అంగడికి వెళ్ళి ఆ సంగతి చెబితే మామ జాకెట్టు గుడ్డ కొలుస్తూ, మీటరు బద్ద ఆపి, "సరిగ్గా చేసినారు" అన్నాడు. అంతకు మించి ఆనందంగా ఆయన ముఖం ఆ రోజుల్లో చూడలేదు.

ఆయన మాట నాకు అర్థం కావడానికి మూడేళ్ళు పట్టింది. నాకు లైసెన్సు వచ్చి, మొదటిసారి ఒక విమానాన్ని ఎగరడానికి నా సంతకంతో వదలవలసిన రోజు, అంతా సరిగ్గానే ఉన్నా చెయ్యి ముందుకు రాలేదు. విమానాలు నిలిపే హ్యాంగరు వెనక్కి వెళ్ళి అంగడికి ఫోన్ చేశాను. ఎవరో గిరాకీతో బేరమాడుతున్న మామ ఫోను చెవికి పెట్టుకుని, ఏం చూశావు, ఎప్పుడు చూశావు, నీ పనిని చూసింది ఎవరు అని మూడు ప్రశ్నలు అడిగి, "పెట్టప్పా" అన్నాడు. ఆ రోజు మొదలు సందేహం వచ్చినప్పుడల్లా ఆ అంగడికే ఫోన్ చేశాను. ఆ మేడ గదిలో అన్న మాటకు క్షమాపణ చెప్పాలని ప్రతిసారీ అనుకునేవాడిని. ఆయన మాత్రం ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయినవాడిలా, మీ హ్యాంగరులో కాఫీ ఎట్లుండాది అని అడిగి పెట్టేసేవాడు.

ఇప్పుడు కాలం చాలా మారింది. టైంటేబులు దాచి ఎగరవలసిన అవసరం లేదు, ఐదేళ్ళు ఆగే పని లేదు, మా ఊరి వాళ్ళు పెళ్ళికి గుంపుగా విమానంలో వచ్చి దిగుతున్నారు. మా పనులు తెర మీదే నమోదవుతాయి, ఏ నిబంధన కావాలన్నా వేలు తాకిస్తే పేజీ తెరుచుకుంటుంది. ఇదంతా మంచికే, నేను కాదనను. కానీ నిజంగా చేసిన పని కూడా కొన్నిసార్లు రాసుకోకూడదని చెప్పే పేజీ మాత్రం నేనెంత వెతికినా దొరకలేదు. ఈ మధ్య చిన్నవాళ్ళు అటువంటి సందేహాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. తోచింది చెబుతాను. చెప్పాక, సరిగ్గానే చెప్పానా అని అడగడానికి నాకు ఎవరూ లేరు.