టీకాల ఫ్రిజ్‌లో విందు చేప

సమోవా దేశపు సవాయీ దీవిలోని ఆ ఊళ్లో ఫువాటినో ఇరవై ఆరేళ్లుగా నర్సు. ఎన్నేళ్లు పనిచేస్తే ఏం లాభం, ఊరికి ఆమె కోడలే. ఊరి కోడలు విందుల్లో గిన్నెలు కడగాలి, పెద్దల ముందు నోరు విప్పకూడదు. మందుబిళ్ల రంగు చూసి గుణం చెప్పే ఆ పెద్దలంటే ఆమెకు ఒళ్లుమంట.

పక్క దీవిలో తట్టు పుట్టింది. ఈ ఊరు ఎంత సిద్ధంగా ఉందో చూడటానికి శుక్రవారం రాజధాని ఆపియా నుంచి అధికారులు వస్తున్నారని కబురు. సిద్ధం కావడమంటే ఊరికి తెలిసింది పందిని కోయడం, కొత్త చాపలు పరవడం. పిల్లల టీకాల గురించి అడిగిన పాపాన పోయినవాడు లేడు.

బుధవారం ఊరిపెద్ద భార్య సీనాలెయి తట్టెడు చేపలతో ఆసుపత్రికి వచ్చింది.

"సిస్టరమ్మా, ఆ ఫ్రిజ్ ఖాళీ చెయ్యి. కొబ్బరిపాలలో వేసే పచ్చిచేప వేడెక్కితే ఊరి పరువేం కావాలి?"

"అందులో టీకాలున్నాయండీ. సోమవారం ఇరవై ఇద్దరు పిల్లలకి వెయ్యాలి."

"మందేం పారిపోదులే, చేపైతే కుళ్లిపోద్ది. అయినా కోడలివి, నాకు చెప్పొచ్చావా?"

ఫువాటినో టీకాలను చల్లగా ఉంచే దారి వెతికింది. ఐసు కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఉన్న ఐసంతా విందుకే పోయింది. తిరిగొచ్చేసరికి టీకాల పెట్టెను ఆడవాళ్లు వంటపాకలో, కాలిన రాళ్ల పొయ్యి పక్కన పడేశారు. ఆమె దాన్ని నీడకు జరిపింది. మర్నాడు మళ్లీ ఎవరో పొయ్యి దగ్గరికే తోశారు. శుక్రవారం గిన్నెలు కడుగుతూ, గట్టిగా అరవని తన నోటిని కూడా ఆమె తిట్టుకుంది.

వచ్చిన అధికారుల్లో పెద్దాయన మాత్రం మూడుసార్లు చేప వడ్డించుకున్నాడు.

"అబ్బ, ఎంత చల్లగా ఉందండీ! మీ ఫ్రిజ్ దివ్యంగా పనిచేస్తోంది," అంటూ మూతి తుడుచుకుని కాగితం మీద టిక్కు పెట్టాడు. ఫ్రిజ్ తలుపు తీసి చూడాలని ఆ మహానుభావుడికి తోచలేదు.

సోమవారం తల్లులు వరస కట్టారు. ఏ పనిలోనైనా పెద్దింటివాళ్లదే మొదటి వంతు కాబట్టి సీనాలెయి తొమ్మిది నెలల మనవణ్ణి ఎత్తుకుని ముందు నిలబడింది.

ఫువాటినో టీకా సీసా ఆమె కళ్ల ముందు పెట్టింది.

"సీసా మీది ఈ గడి తెల్లగా ఉండాలండీ. సెగకి నల్లబడింది. ఈ మందు చచ్చిపోయింది."

సీనాలెయి పిల్లవాణ్ణి గుండెకు అదుముకుంది. "మరి మావాడికి?"

"మీవాడి చలవంతా చేపలకి పెట్టారు కదండీ."

"ఎత్తిపొడుపులు తర్వాత. ఆపియాకి ఫోన్ చెయ్యి, తెప్పించు!"

"పొద్దున్నే చేశాను. మన ఊరికి నూటికి తొంభై ఎనిమిది మార్కులొచ్చాయంట. టీకాలు తక్కువున్నాయి, ముందు ఏమీ సిద్ధంగా లేని ఊళ్లకి పంపుతారంట."